ఫాన్‌ఫాన్‌కి ఒక ఆదివారం ఇవ్వండి: ఫిల్మ్ సొసైటీల నిర్వాహకులకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లో ఫిల్మ్ సొసైటీలు, ఫిల్మ్ క్లబ్బులు నడుపుతున్న మిత్రులకు,

నమస్కారం.

జీతం భత్యం లేకుండా, హాలు అద్దె మీరే కూడగట్టుకుంటూ, ప్రొజెక్టర్ వేళకు వస్తుందో రాదో, పదిమందైనా వస్తారో రారో అన్న టెన్షన్ పడుతూ మీరు చేస్తున్న పని ఎంత కష్టమో తెలిసే ఈ లేఖ రాస్తున్నాను. రెన్వార్, బ్రెస్సో, త్రుఫో లాంటి ఫ్రెంచ్ దర్శకుల సినిమాలను మాలాంటివాళ్ళం నలుగురితో కలిసి పెద్ద తెర మీద చూడగలిగామంటే అది మీ చలవే. ఆ చనువుతోనే ఒక మాట అడుగుతున్నాను. మీరు వేసే ఫ్రెంచ్ సినిమాల్లో కడుపారా నవ్వించేవి ఎందుకింత తక్కువ? కత్తి తిప్పే సినిమా ఒక్కటీ ఎందుకు ఉండదు? వచ్చే ఏడాది కార్యక్రమంలో క్రిస్టియన్ జాక్ 1952లో తీసిన 'ఫాన్‌ఫాన్ లా తులీప్'కు ఒక ఆదివారం సాయంత్రం కేటాయించండి.

ఈ పేరు ఎత్తగానే "అది సరదా సినిమా కదండీ, చర్చకు ఏముంటుంది?" అన్న జవాబు వస్తుంది. ఆ జవాబుతో నాకు పేచీ ఉంది. ఏముంటుందో వివరంగా చెబుతాను.

ముందు కథ. పదిహేనో లూయీ ఫ్రాన్స్‌ను ఏలుతున్న కాలం, ఫ్రాన్స్, ఇంగ్లండు ఎదురెదురు పక్షాల్లో పోరాడిన ఏడేళ్ళ యుద్ధం (1756-63) రోజులు. ఫాన్‌ఫాన్ అనే కుర్రాడు గడ్డివాములో ఒక అమ్మాయితో దొరికిపోతాడు. ఊరంతా కలిసి బలవంతంగా పెళ్ళి చేయబోతుంటే, జిప్సీ వేషంలో ఉన్న ఒక యువతి అతని చెయ్యి చూసి ఎరుక చెబుతుంది. పటాలంలో చేరతావు, పేరు ప్రఖ్యాతులు వస్తాయి, సాక్షాత్తూ రాజుగారి కూతుర్నే పెళ్ళాడతావు అంటుంది. ఇంకేం, కుర్రాడు పెళ్ళి పీటల మీంచి పారిపోయి సైన్యంలో చేరతాడు. తీరా చేరాక తెలుస్తుంది, ఆమెకు ఎరుకా రాదు, గిరుకా రాదు. కుర్రాళ్ళను పటాలంలో చేర్చుకునే సార్జెంటు కూతురు అదెలీన్ ఆమె. చెయ్యి చూడటం, జోస్యం చెప్పడం అంతా కుర్రాళ్ళను లాగే ఎత్తు.

సినిమా మొత్తం ఇక్కడి నుంచే పుట్టింది. మోసపోయానని తెలిశాక ఫాన్‌ఫాన్ ఏడవడు, పగబట్టడు. చెప్పినవాళ్ళే అబద్ధమని ఒప్పుకున్న జోస్యాన్ని పట్టుకుని వేలాడతాడు. నేను రాజుగారి అల్లుణ్ణి కావలసినవాణ్ణి అన్న ధీమాతోనే నడుస్తాడు, దూకుతాడు, పైవాళ్ళకు ఎదురు చెబుతాడు. దారిలో దొంగలు చుట్టుముట్టిన బండిని కాపాడితే, అందులో ఉన్నది రాజుగారి ప్రియురాలు పాంపదూర్, రాకుమారి హెన్రియెట్! పాంపదూర్ బహూకరించిన తులిప్ పువ్వే అతని పేరులో చేరిపోతుంది. అక్కడి నుంచి వాడి నమ్మకానికి పట్టపగ్గాలుండవు. రాకుమారిని చూడ్డానికి కోటలోకి చొరబడి, ఉరిశిక్ష దాకా తెచ్చుకుంటాడు.

చరిత్ర తెలిసినవాళ్ళు ఇక్కడ ఆగి, అసలు హెన్రియెట్ ఏడేళ్ళ యుద్ధం మొదలుకాక ముందే, 1752లోనే చనిపోయింది కదా అంటారు. నిజమే. దర్శకుడికి ఆ పట్టింపు లేదు. మన జానపదాల్లో ఉజ్జయిని ఎప్పటి ఉజ్జయిని అని ఎవరైనా అడిగారా?

మన జానపదాల ఊసు ఊరికే తేలేదు. 1951 మార్చిలో మన దగ్గర 'పాతాళభైరవి' వచ్చింది. తోటమాలి కొడుకు తోటరాముడు ఉజ్జయిని రాకుమారి మీద మనసు పడ్డాడు. సరిగ్గా ఏడాదికి, 1952 మార్చిలో, పారిస్‌లో ఫాన్‌ఫాన్ విడుదలైంది. అక్కడా ఊరూ పేరూ లేనివాడు రాజుగారి కూతురి కోసమే బయల్దేరాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, రెండు దేశాల్లో దాదాపు ఒకేసారి, రాజు గుమ్మంలో తలవంచని పామరుడి కథకు జనం విరగబడ్డారు. 'పాతాళభైరవి' 1952లో మన దేశపు తొలి అంతర్జాతీయ చిత్రోత్సవంలో ఆడింది. ఫాన్‌ఫాన్ అదే ఏడు కాన్ ఉత్సవంలో క్రిస్టియన్ జాక్‌కు ఉత్తమ దర్శకుడి బహుమతి తెచ్చింది. ఆ ఏడాది కాన్ పోటీలో ఎవరున్నారో గుర్తుచేసుకోండి. ఆర్సన్ వెల్స్ 'ఒథెల్లో' ఉంది, డి సికా 'ఉంబెర్తో డి' ఉంది. మీరు పదేపదే వేసే ఆ సినిమాల సరసన నిలబడి బహుమతి అందుకున్న సినిమా ఇది. బెర్లిన్‌లోనూ ఆ ఏడే బహుమతి వచ్చింది. ఫ్రాన్స్‌లో దాదాపు 67 లక్షల టికెట్లు తెగాయి. తోటరాముడినీ ఫాన్‌ఫాన్‌నీ రెండు వరుస ఆదివారాలు వేస్తే ఎంత బాగుంటుంది! జానపదం చూసి పెరిగిన తెలుగు ప్రేక్షకుడికి ఫాన్‌ఫాన్‌ను పరిచయం చేయడానికి ఉపన్యాసం అక్కర్లేదు.

ఇక ఫాన్‌ఫాన్ వేషం వేసిన జెరార్ ఫిలిప్ గురించి చెప్పకపోతే ఈ లేఖకు అర్థం లేదు. 1951 వేసవిలో అవిన్యోన్ నాటకోత్సవంలో జాన్ విలార్ బృందంతో కోర్నెయ్ నాటకం 'ల సిద్'లో రోద్రిగ్ పాత్ర వేసి ఫ్రాన్స్‌ను ఊపేసిన నటుడు. పద్యనాటకంలో గొంతు విప్పితే జనం ఊపిరి బిగబట్టి వినేవారు. అలాంటివాడు ఆ వెంటనే గుర్రమెక్కి, కత్తి పట్టి, ఫాన్‌ఫాన్‌గా గంతులేశాడు. ఈ రెండింట్లో ఒకటి గొప్పది, ఒకటి తక్కువది అని ఆయన అనుకోలేదు. పెంకుల కప్పు మీద ఫాన్‌ఫాన్‌కూ ఫియెరాబ్రాకూ జరిగే కత్తియుద్ధం చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. ఫియెరాబ్రా అంటే అదెలీన్ మీద కన్నేసిన గొప్పల సార్జెంటు, ఆ పాత్రలో నోయెల్ రోక్‌వేర్. కప్పు వాలుగా ఉంటుంది, కాలు జారితే కిందికే. అలాంటిచోట ఫిలిప్ కాళ్ళు చూడండి. తడబడినట్టే ఉంటాయి, తడబడవు. కత్తి ఎదుటివాడి మీదికి పోతుంటుంది, మొహం మాత్రం ఇదంతా భలే సరదాగా ఉందే అన్నట్టు వెలిగిపోతుంటుంది. ఇలాంటి విన్యాసాలు చాలావరకు డూప్ లేకుండా తానే చేశాడు. అందుకే కెమెరా దాచుకోవలసిన అవసరం లేకుండా మనిషిని నిలువెత్తునా చూపిస్తుంది. ఇవాళ్టి పోరాట దృశ్యాల్లో సెకనుకో షాట్ మారుతుంటే ఎవరు ఎవర్ని కొట్టారో తెలియక కళ్ళు నలుపుకునే కుర్రాళ్ళకు ఇది తప్పకుండా చూపించాలి. ఒక మనిషి ఒంటి లయ మీద మొత్తం సన్నివేశం నిలబడటం అంటే ఏమిటో వాళ్ళకు అర్థమవుతుంది.

ఫిలిప్ 1959 నవంబరులో, ముప్పై ఏడో పుట్టినరోజుకు కొన్ని రోజుల ముందు, క్యాన్సర్‌తో పోయాడు. రమతుయెల్ అనే ఊళ్ళో రోద్రిగ్ వేషంలోనే ఖననం చేశారు. ఫ్రాన్స్‌లో ఆయన రోద్రిగ్ అయితే, బయటి ప్రపంచానికి ఫాన్‌ఫాన్. యాభైల్లో మాస్కోకూ, చైనాకూ వెళ్ళినప్పుడు అక్కడి జనం ఆయన్ని గుర్తుపట్టింది ఈ పాత్రతోనే. భాష రాని ఊళ్ళో కూడా నవ్వుకు తర్జుమా అక్కర్లేదు కదా.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. చర్చకు ఏముంటుంది అన్నారే, ఉన్నది యుద్ధం.

సినిమా మొదలవగానే ఒక పెద్దమనిషి గొంతు వినిపిస్తుంది. చరిత్ర పాఠం చెప్పే మాస్టారి గొంతులా మర్యాదగా, నింపాదిగా ఉంటుంది. రాజుల వినోదాల్లో ప్రజలకూ వాటా దక్కే ఒకే ఒక వినోదం యుద్ధం అన్న అర్థం వచ్చేలా ఆ గొంతు చెప్పుకుపోతుంటే, తెర మీద మనుషులు పిట్టల్లా రాలుతుంటారు. ఆ మర్యాదకూ ఆ చావులకూ మధ్య ఎంత దూరం ఉందో అంత నవ్వు వస్తుంది, ఆ వెంటనే నవ్వినందుకు మనసు చివుక్కుమంటుంది. ఆ మాటలు రాసింది ఆన్రీ జాన్సోన్. ఆయన మామూలు మాటల రచయిత కాదు. 1939లో యుద్ధానికి వ్యతిరేకంగా రాసినందుకు అరెస్టయి జైలుశిక్ష పడ్డ పాత్రికేయుడు. ప్రపంచయుద్ధం ముగిసి ఏడేళ్ళు కాలేదు, ఇండోచైనాలో ఫ్రెంచ్ సైన్యం అప్పటికీ పోరాడుతూనే ఉంది. అలాంటి సమయంలో, 67 లక్షల టికెట్లు తెగిన వినోదచిత్రంలో, రాజుల యుద్ధాలను ఇంత పచ్చిగా ఎద్దేవా చేయగలిగాడు. గంభీరమైన సినిమాలో ఇదే మాట అంటే నలుగురు వినేవాళ్ళు. ఇక్కడ దేశమంతా విని నవ్వింది.

కథ ముగింపు కూడా ఆ కోవలోదే. అదెలీన్‌ను రాజు మనుషులు ఎత్తుకుపోతే, ఫాన్‌ఫాన్ స్నేహితులతో కలిసి బండి వెంట గుర్రాలు దౌడు తీయిస్తాడు. తరుముకుంటూ పోయి పోయి, ఒక సొరంగంలో పడి, చివరికి శత్రువు ప్రధాన శిబిరంలోనే తేలతాడు. శత్రు సేనాపతులను పట్టేసుకుంటాడు. అక్కడితో యుద్ధం అయిపోతుంది! ఇటు మహారాజు, మార్షల్సు, పటాలు, వ్యూహాలు. అటు ప్రియురాలిని వెతుక్కుంటూ వెళ్ళిన ఒక్క సిపాయి. గెలిపించింది ఎవరో మనకు తెలుసు. దీన్ని ఉత్త అల్లరి అనేవాళ్ళు అనుకోనివ్వండి. సేనాపతుల గొప్పతనం మీద ఇంతకన్నా పదునైన విమర్శ నాకైతే ఆ కాలపు ఫ్రెంచ్ సినిమాల్లో కనిపించలేదు.

ఈ యుద్ధం మనకు పరాయిది కూడా కాదు. పదిహేనో లూయీ పటాలాలు మన నేల మీద నడిచాయి. 1757 జనవరిలో విజయనగరం విజయరామరాజు పక్షాన ఫిరంగులతో బొబ్బిలి కోట మీదికి వచ్చిన బుస్సీ ఆ రాజు సేనానే. మరుసటి ఏడాది డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ తలపడ్డారు. అది అచ్చంగా ఏడేళ్ళ యుద్ధంలో భాగం. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువాళ్ళ పరమైంది. వెర్సాయిలో కూర్చున్న రాజు వినోదంలో బొబ్బిలివాళ్ళకు దక్కిన వాటా ఏమిటో బుర్రకథ విన్న ప్రతి తెలుగువాడికీ తెలుసు. అలాంటి మనం ఆ రాజు కొలువును, ఆ రాజు యుద్ధాన్ని చూసి ఫ్రెంచివాళ్ళే పగలబడి నవ్వుకున్న సినిమా చూడొద్దా? బొబ్బిలిలోనో, పిఠాపురం వైపో, బందరులోనో క్లబ్బు నడిపే మిత్రులెవరైనా ఉంటే మొదటి ప్రదర్శన అక్కడే వేయమని నా మనవి. సినిమా అయ్యాక చర్చకు మీ ఊరి చరిత్రే సరిపోతుంది.

ఇంత మంచి సినిమా మన జాబితాల్లోంచి ఎందుకు జారిపోయింది? నాకు తోచిన కారణం ఒకటుంది. 1954లో త్రుఫో 'కాయే ద్యు సినెమా' అనే సినిమా పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అప్పటి ఫ్రెంచ్ సినిమా పెద్దలు రచయితల చాటున దాక్కుని, స్టూడియోల్లో నున్నగా చెక్కిన సినిమాలు తీస్తున్నారని ఉతికి ఆరేశాడు. ఆ వ్యాసం కొత్తవాళ్ళకు తలుపులు తెరిచింది, అందులో సందేహం లేదు. కానీ ఆ తర్వాత ఆ తరం మొత్తాన్నీ ఒకే గాటన కట్టేశారు. మన దేశంలో ఫిల్మ్ సొసైటీలు ఊపందుకున్నది న్యూవేవ్ (త్రుఫో తరం కొత్త దర్శకుల ఉద్యమం) వెలుగులో కాబట్టి ఆ తీర్పు మనకు వారసత్వంగా వచ్చింది. మనమేమో ఆ సినిమాలు చూడకుండానే తీర్పు అమలు చేస్తున్నాం. ఇది సబబు కాదు. ఫాన్‌ఫాన్‌కు కెమెరా పట్టింది క్రిస్టియన్ మత్రా. రెన్వార్ 'లా గ్రాండ్ ఇల్యూజన్' తీసిందీ, ఆ తర్వాత మాక్స్ ఓఫుల్స్‌తో పనిచేసిందీ ఆయనే. ఆయన చేతిలో దక్షిణ ఫ్రాన్స్ ఎండ, దుమ్ము రేపుకుంటూ పరిగెత్తే గుర్రాలు తెలుపు నలుపుల్లో ఎలా ఉన్నాయో చూడండి. స్టూడియో వాసన ఎక్కడుందో నాకు చెప్పండి.

స్త్రీల విషయంలో ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు, అది న్యాయమైనదే. మొదట్లో ఆ గొంతు ఆడవాళ్ళ గురించి అనే మాటలు, గడ్డివాము దృశ్యం ఇవాళ చివుక్కుమనిపిస్తాయి. దాన్ని చర్చలో మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. అయితే అదెలీన్‌ను మాత్రం జాగ్రత్తగా గమనించండి. అబద్ధపు జోస్యం చెప్పేది ఆమె. ఫాన్‌ఫాన్ ప్రాణం కోసం రాజు దగ్గరికి వెళ్ళేది ఆమె. రాజు అదను చూసుకుని చెయ్యి వేయబోతే చెంప ఛెళ్ళుమనిపించేదీ ఆమె. చివరికి రాజు ఆమెను దత్తత తీసుకోవడంతో, ఆమె అల్లిన అబద్ధం ఆమె మూలంగానే నిజమవుతుంది. ఫాన్‌ఫాన్ రాజుగారి కూతుర్నే పెళ్ళాడతాడు. అదెలీన్ వేషం వేసిన జీనా లొల్లోబ్రిజిదాను అందగత్తెగా మాత్రమే గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఆమె కళ్ళు చూడాలి. తను చెప్పిన అబద్ధాన్ని ఈ పిచ్చివాడు నమ్ముతున్నాడన్న జాలి, కోపం, ప్రేమ ఆ కళ్ళలో ఒకదాని వెంట ఒకటి కదులుతుంటాయి. 2023 జనవరిలో ఆమె పోయినప్పుడు మన క్లబ్బులు ఎక్కడైనా ఆమె సినిమా వేసి ఉంటే సంతోషించేవాణ్ణి.

2003లో ఇదే కథను విన్సెంట్ పెరెజ్, పెనెలొపె క్రూజ్‌లతో రంగుల్లో మళ్ళీ తీశారు, కాన్ ఉత్సవం దాంతోనే మొదలైంది. డబ్బుకు లోటు లేదు, వేగానికీ లోటు లేదు. అది చూశాక పాతదాని విలువ నాకు ఇంకా బాగా తెలిసింది. దయచేసి పొరపాటున దాన్ని తెప్పించకండి. అలాగే పాతదానికి తర్వాతెప్పుడో రంగులద్దిన కాపీ ఒకటుంది. అదీ వద్దు. మత్రా తీసిన తెలుపు నలుపుల్లోనే వేయండి.

ఇక పనుల సంగతి. నిడివి గంటా నలభై నిమిషాలే కాబట్టి సాయంత్రం ఆరుకు మొదలుపెడితే చర్చ కూడా ముగించి ఎనిమిదిన్నరకు ఇళ్ళకు చేరొచ్చు. పిల్లల్ని రానివ్వండి. పన్నెండేళ్ళ పిల్లలకు ఈ కథ ఒక్క ముక్క వివరించక్కర్లేదు, వాళ్ళ నవ్వు హాల్లో వినపడితే పెద్దలకూ బిగువు సడలుతుంది. ప్రదర్శన హక్కుల కోసం ఫ్రెంచ్ సాంస్కృతిక కేంద్రాలను ముందే అడగండి, ఎవరిని సంప్రదించాలో చెబుతారు. అనుమతి లేకుండా ఎక్కడో దొరికిన కాపీ వేయడం మన సంఘాలకు తగదు.

అన్నిటికన్నా ముఖ్యం తెలుగు సబ్‌టైటిల్స్. జాన్సోన్ మాటలు చకచకా పోతాయి, ఇంగ్లీషులో చదువుకుని నవ్వేసరికి తర్వాతి చలోక్తి దాటిపోతుంది. పైగా ఇంగ్లీషు రానివాళ్ళు మన సొసైటీల వైపు రాకపోవడానికి ఇదొక పెద్ద కారణం. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో) ఫ్రెంచ్ చదువుకునే తెలుగు విద్యార్థులున్నారు. నాటకాలకు మాటలు రాసే మిత్రులు మీ అందరికీ తెలుసు. ఆ ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెడితే పని జరుగుతుంది. ఒక్కసారి చేసి పెట్టుకుంటే విజయవాడ, విశాఖ, వరంగల్, తిరుపతి, అన్ని ఊళ్ళ క్లబ్బులకూ పనికొస్తుంది. ఖర్చు నాలుగైదు క్లబ్బులు పంచుకుంటే ఎవరికీ భారం కాదు. మాటలు సరిచూడటానికి, వాక్యాలు తెరమీద రెండు వరుసల్లో ఒదిగేలా కుదించడానికి నా సాయంత్రాలు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

మీ వచ్చే ఏడాది కార్యక్రమం ఖరారు చేసే సమావేశంలో ఈ లేఖను ఒకసారి చదివి, ఒప్పుకున్న క్లబ్బులు తేదీలు తెలియజేయండి. సబ్‌టైటిల్స్ పని ఆ తేదీలను బట్టి మొదలుపెడదాం.

ఇట్లు
మీ ప్రదర్శనలకు తప్పకుండా వచ్చే ఒక ప్రేక్షకుడు